20 గంటల లెక్క

2012 ఫాల్ సెమిస్టర్‌లో ఎంఎస్‌కి అమెరికా వచ్చినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు ఓనమాలు తెలీవు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఆ పేరెందుకో ఇప్పటికీ అర్థం కాదు, అది వేరే విషయం. ఆన్ క్యాంపస్ జాబ్ కోసం తిరుగుతుంటే మా సీనియర్ అన్న ఒకాయన, "డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పనుంది, మ్యాచ్ ఉన్న శనివారాలు స్టేడియంలో హాట్‌డాగ్‌లు అమ్మే పని కూడా ఇస్తార్రా, మొహమాటపడకు" అన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ నెత్తిన ఉంటే మొహమాటం ఎక్కణ్ణుంచి వస్తుంది? గంటకి 8 డాలర్ల లోపే. అలా మొదటిసారి ఆ స్టేడియంలో అడుగుపెట్టి నోరు తెరిచాను, మా ఊరి తిరునాళ్లలో కూడా అంత జనాన్ని చూళ్లేదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలోనైతే లక్షకు పైనే సీట్లు. ఇదంతా కాలేజీ పిల్లలు జీతం లేకుండా ఆడే ఆట కోసం.

ఆ ఆడేవాళ్లలో ఒకడు రాత్రి డైనింగ్ హాల్ మూసేముందు మోకాలికి ఐస్ కట్టుకుని, కుంటుకుంటూ వచ్చేవాడు. మిగిలిపోయిన చికెన్ ఇంకో ముక్క వేయమని అడిగేవాడు, వేసేవాణ్ణి. అప్పట్లో కాలేజీ ఆటల్ని నడిపించే ఎన్‌సీఏఏ రూల్ ఎంత విడ్డూరమంటే, స్కాలర్‌షిప్‌లో చెప్పిన భోజనాలు కాక టీమ్ వాళ్లు ఆటగాడికి బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వొచ్చు గానీ దానిమీద క్రీమ్ చీజ్ రాసి ఇవ్వకూడదు. ఇడ్లీ పెట్టి చట్నీ వేస్తే నేరమన్నట్టు! 2013లో ఆ రూల్ తీసేశారు. 2014లో కనెటికట్ టీమ్‌ని బాస్కెట్‌బాల్ ఛాంపియన్ చేసిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటున్నానని విలేకరుల ముందు చెప్పాడు. ఆ నెలలోనే భోజనాల మీద పరిమితి ఎత్తేశారు.

ఇప్పుడు తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్‌లలో ఆటగాళ్లకి డబ్బులివ్వాలన్న మాట వస్తే మనవాళ్లు చాలామంది అనేది ఒకటే: "చదువు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, తిండి ఫ్రీ, ఇంకా డబ్బులు కూడానా? మనం పాతిక లక్షలు అప్పు చేసి వచ్చాం, మనకెవరిచ్చారు?" ఆ కడుపుమంట నాకు అర్థమవుతుంది, నాకూ ఉండేది. కానీ ఇదే మాట అనే మా సీనియర్ అన్న ఆర్‌ఏ, అంటే రీసెర్చ్ అసిస్టెంట్ పని చేశాడు. ఫీజు మాఫీ, పైన నెలనెలా స్టైపెండ్, దానికి బదులు ప్రొఫెసర్ ల్యాబ్‌లో వారానికి 20 గంటల పని. "ఫండింగ్ వచ్చిందా?" అని ఒకళ్లనొకళ్లు అడుక్కున్న రోజులు ఎవరు మర్చిపోతారు? ఫీజు మాఫీ చేశాం కాబట్టి స్టైపెండ్ తీసుకోకు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పని చేశాడు, డబ్బు ఇచ్చారు. మోకాలికి ఐస్ కట్టుకున్నవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదువే జీతం అయిపోయింది.

తమాషా ఏంటంటే వాళ్లకీ వారానికి 20 గంటల రూలే. సీజన్‌లో అంతకు మించి ప్రాక్టీసు చేయించకూడదని ఎన్‌సీఏఏ పుస్తకంలో ఉంటుంది. 2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కుర్రాళ్లు యూనియన్ పెట్టుకుంటామని వెళ్తే, ప్రభుత్వ లేబర్ బోర్డు ప్రాంతీయ అధికారి లెక్క తీసి సీజన్‌లో వారానికి 40, 50 గంటలు ఆటకే పోతోందని తేల్చాడు, వీళ్లు ఉద్యోగులేనన్నాడు. మరుసటి ఏడాది పై బోర్డు ఆ కేసు తన పరిధిలోకి తీసుకోనంది, యూనియన్ కథ అక్కడితో సరి. 20 గంటలు కాగితం మీద ఎలా ఉంటాయో, బయట ఎలా నడుస్తాయో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి ఒకరు చెప్పాలా?

అసలు "స్టూడెంట్ అథ్లెట్" అన్న మాటే 1950లలో, ఆటగాళ్లని ఉద్యోగులు అనకుండా తప్పించుకోవడానికి, లాయర్ల సలహాతో పుట్టింది. కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు 1955లో తలకి దెబ్బ తగిలి చనిపోతే, భార్య పని ప్రమాదం కింద పరిహారం అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయట్లేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని కోర్టు అంది. వ్యాపారం కాదట! 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. ఇక పని చేయక్కర్లేనందుకు.

పరిస్థితి మారింది, ఒప్పుకుంటా. 2021లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి గడ్డి పెట్టింది. అదే ఏడాది జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని ప్రకటనలు చేసుకోవచ్చు, దాన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం పాత ఆటగాళ్లకి 280 కోట్ల డాలర్ల బకాయి, ఇకముందు ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకి పంచొచ్చు. అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కే పోతుంది. ఈతకొట్టేవాళ్లు, ఆడపిల్లల టీములు ఏమైపోతాయన్న భయం ఉత్తిదేం కాదు, దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని పాత పద్ధతే బావుందని మాత్రం అనను.

ఇందులో మన వీసా బాధ కూడా ఒకటుంది. కెనడా నుంచి వచ్చిన జాక్ ఈడీ, 7 అడుగుల 4 అంగుళాల మనిషి, పర్డ్యూ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో వరసగా 2 ఏళ్లు దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు కాబట్టి తోటివాళ్లలా ఇక్కడ ప్రకటనలు చేసి సంపాదించలేకపోయాడు. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కర్ ట్షీబ్వే అయితే 2022లో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అది అమెరికా గడ్డ కాదు గనుక ఆ పనులు అక్కడ చేసుకున్నాడు. వీసా స్టాంపింగ్‌కి మెక్సికో పరిగెత్తినవాళ్లం మనం, ఆ తెలివి చూసి ముచ్చటేసింది.

మా కొలీగ్ మేనకోడలు హైదరాబాద్ నుంచి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద వచ్చింది. పోయిన థ్యాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికొస్తే అడిగాను, నీకేమైనా ఇస్తున్నారామ్మా అని. ఊళ్లో ఒక షాపు వాళ్లు ఇన్‌స్టాలో పోస్ట్ పెడితే 500 డాలర్లు ఇస్తామన్నారట, కాలేజీ వీసా ఆఫీసు వాళ్లు ముట్టుకోవద్దన్నారట. మరి చేతి ఖర్చులకి?

"రిక్రియేషన్ సెంటర్‌లో డెస్క్ దగ్గర కూర్చుంటాను అంకుల్. జిమ్‌కి వచ్చినవాళ్లకి టవల్స్ ఇవ్వాలి. దానికి గంటకి 12 ఇస్తారు, అది లీగలే."