అద్దె ఇంటికి అందని నోటీసు

కాలిఫోర్నియాలో శాన్ హోసే చుట్టుపక్కల ఒక చిన్న నగరపాలక సంస్థలో ప్లానర్‌గా పనిచేస్తున్నాను. బిల్డరు ఎవరైనా ఇళ్ళు కడతానని దరఖాస్తు పెడితే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో 30 రోజుల్లో చెప్పాలి. తర్వాత ప్లాన్లు నీళ్ళు, రోడ్లు, ఫైర్ శాఖలకు వెళ్తాయి. ఫైర్ వాళ్ళు స్కేలు పెట్టి మరీ కొలుస్తారు. ఫైరింజన్ వెళ్ళే దారి వెడల్పు 20 అడుగులకు తగ్గకూడదు. చివర మూసుకుపోయే దారి 150 అడుగులు దాటితే బండి వెనక్కి తిరిగే చోటు చూపించాలి. ఆ చోటు కోసం ఒకటి రెండు ఇళ్ళు తీసేయాల్సి వస్తే బిల్డరు బతిమాలుకుంటాడు. నేను మాత్రం అక్కడ ఒక్క అడుగు కూడా వదలను.

ఈమధ్య పాత షాపింగ్ సెంటర్ ఒకటి పడగొట్టి మూడంతస్తుల టౌన్‌హౌసులు కడతామని దరఖాస్తు వచ్చింది. చుట్టుపక్కల యజమానులకు నోటీసులు వెళ్ళగానే కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు. నా పేరు చూసి, "తెలుగమ్మాయివా? ఏ ఊరమ్మా మీది?" అంటూ కుశలమడిగి, అసలు సంగతికి వచ్చారు. "మా వీధిలో ఇప్పటికే కార్లు పెట్టుకునే చోటు లేదు. మనవాళ్ళు లోపల ఉండి కూడా దీన్ని ఆపలేకపోతే ఎలాగమ్మా?"

"ఆపడం మా చేతుల్లో లేదండీ" అన్నాను. 1982 నాటి హౌసింగ్ అకౌంటబిలిటీ యాక్ట్ ఉంది. రాతలో ఉన్న కొలతలకు, నిబంధనలకు ప్రాజెక్టు సరిపోతే, ప్రజల ఆరోగ్యానికో భద్రతకో గట్టి హాని ఉందని ఆధారాలతో చూపిస్తే తప్ప నగరం కాదనడానికి వీల్లేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. జీవితాంతం కూడబెట్టిందంతా ఆ ఇంట్లోనే పెట్టారు, భయం ఉంటుంది. కానీ ఆయన వీధి కూడా ఆప్రికాట్, ప్రూన్ తోటలు కొట్టేసి వేసిందే. ఈ లోయలో చాలా వీధులు అంతే.

నాకు మనసు చివుక్కుమనేది నోటీసు దగ్గర. స్థలానికి 300 అడుగుల లోపు ఆస్తులున్న యజమానులకు, ప్రజలు వచ్చి మాట్లాడే హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు ఉత్తరం పంపాలని రాష్ట్ర చట్టం. రోడ్డుకి అవతల పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉంది. దాని ఉత్తరం ఎక్కడో ఉన్న యజమాని కంపెనీకి పోతుంది. అందులో అద్దెకున్న ఒక్కరికీ రాదు.

అయినా అద్దెకున్న ఒకామె హియరింగ్‌కి వచ్చింది. స్థలం దగ్గర కట్టిన బోర్డు చూసిందట. డేకేర్‌లో పని. స్పానిష్‌లో మాట్లాడుతుంటే దుభాషి ఇంగ్లీషులో చెప్పాడు. అలాంటప్పుడు మాట్లాడే సమయం రెట్టింపు ఇవ్వాలి, మాకది చట్టం. ఆమెకు అంత అక్కర్లేకపోయింది. అద్దె మళ్ళీ పెరిగితే దూరంగా ఉన్న ట్రేసీ అనే ఊరికి వెళ్ళిపోవాలనీ, అక్కణ్ణుంచి ఆల్టమాంట్ కనుమ దాటి రావాలంటే పిల్లని నిద్రలోనే ఎత్తుకుని బయలుదేరాలనీ చెప్పింది. "ఇందులో తక్కువ ఆదాయం వాళ్ళకు కొన్ని ఇళ్ళు కేటాయించారు కదా, వాటికి దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది. ప్రాజెక్టు మీద నిర్ణయం తీసుకునే కమిషనర్లందరూ నా వైపు చూశారు. కట్టడం పూర్తికావచ్చాక లాటరీ ఉంటుందని చెప్పాను. అంటే ఇంకా ఏళ్ళు పడుతుంది.

హైదరాబాద్‌లో మా తమ్ముడు 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి 2020 నాటి తెలంగాణ భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ కింద సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి తీసుకున్నాడు. పక్కింటివాళ్ళని అడిగే పనే లేదు. ఆ పద్ధతి ఇక్కడికి రావాలని నేను కోరుకోను. ఊళ్ళో వాళ్ళు వచ్చి మాట్లాడటం మంచిదే, కాకపోతే ఊళ్ళో ఉన్నవాళ్ళందరినీ పిలవాలి.

ప్రాజెక్టుకి అనుమతి వచ్చింది. ఇకమీదట అద్దెకున్నవాళ్ళకు కూడా నోటీసు పంపాలని మేనేజరుకి రాసిచ్చాను. తపాలా ఖర్చు లెక్క తెమ్మన్నారు. పన్ను రికార్డుల్లో యజమాని చిరునామా తప్ప ఇళ్ళ నంబర్లు లేవు. ఈ వారం ఆ అపార్ట్‌మెంట్ల మెట్లెక్కి, తలుపుల మీద నంబర్లు చూసి రాసుకుంటున్నాను.