మోకాళ్ల మెట్టు దగ్గర

'దేహినోఽస్మిన్ యథా దేహే కౌమారం యౌవనం జరా' అన్న గీతాశ్లోకం వినగానే అందరూ దేహాంతరప్రాప్తి, అంటే ఆత్మ మరో దేహం పొందడం గురించి మొదలుపెడతారు. నా మనసు మాత్రం ఈ మొదటి పంక్తి దాటదు. కౌమారం, యౌవనం, జర అంటే ముసలితనం. మూడింటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు పరమాత్మ. మూడోదాని దగ్గర గొంతు తగ్గించలేదు.

అలిపిరి నుంచి తిరుమల కొండకి 3550 మెట్లు. మొదటిసారి పదేళ్లప్పుడు నాయనమ్మతో ఎక్కాను. తలయేరు గుండు అనే బండకి ఆవిడ తలా, మోకాళ్లూ ఆనించి దణ్ణం పెట్టుకుంది. తర్వాత మెట్టు మెట్టుకీ వంగి పసుపు, కుంకుమ పెడుతుంటే నాకు విసుగొచ్చి, ఆవిణ్ణి వదిలేసి గాలిగోపురం దాకా పరిగెత్తాను. చాలాసేపటికి వచ్చింది. ఒక్క మాట అనలేదు. కొంగుతో నా మొహం తుడిచి, పులిహోర పొట్లం విప్పింది.

అన్నమయ్య కథ మనందరికీ తెలిసిందే. చెప్పులతో కొండెక్కుతూ, ఆకలితో సొమ్మసిల్లి, ఈ దారిలోనే మోకాళ్ల మెట్టు దగ్గర నిద్రపోయిన పిల్లవాడికి అలమేలుమంగమ్మ కనిపించింది. ఇది సాలగ్రామమయమైన కొండ, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టింది. అయితే ఏ రూపంలో వచ్చిందో ఎంతమంది ఆలోచిస్తారు? పెద్దముత్తైదువగా! సకల సౌందర్యానికీ తల్లి అయిన అమ్మ, ఆ బిడ్డ కోసం ముసలితనాన్ని కోరి కట్టుకుంది. 'ఈ అవ్వే ఎక్కగా లేనిది నేనెక్కలేనా' అన్న ధైర్యం వాడికి రావాలనే అలా వచ్చిందని నా నమ్మకం. అమ్మ ధరించిన రూపాన్ని మనం భారం అనుకోవచ్చా?

ఇప్పుడు నాకు అరవై ఏడు. మొన్న మోకాళ్ల మెట్టు దగ్గర కాళ్లు మొరాయించి కూర్చుండిపోయాను. రామానుజులవారు పాదం మోపడానికి మనసొప్పక మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే చోటు అది. పక్కనుంచి పిల్లలు ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ పోతున్నారు. రెండున్నర గంటల్లో ఎక్కేయాలని టెన్షన్, దారిలో కూర్చున్న పెద్దవాళ్ల మీద చిరాకు. నోట గోవింద నామం లేదు. బాధేసింది. నాయనా, స్వామి ఎక్కడికీ వెళ్లిపోడు. కాస్త మెల్లగా ఎక్కండి. అవ్వ ఎవరైనా ఆగితే పక్కన రెండు నిమిషాలు కూర్చోండి, మంచినీళ్లివ్వండి, చెయ్యి పట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లని 'నువ్వు నడవలేవులే' అని ఆపకండి. నాలుగు మెట్లే ఎక్కనివ్వండి.

ఆ పూట నేను ఒక్కో మెట్టునీ చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంటూ ఎక్కాను. వంగినప్పుడల్లా నాయనమ్మ గాజుల చప్పుడు వినిపించింది.