హారం మార్చి లవం మరిచిపోతే

అర, పావు కలిపితే ముప్పావు అని ఏ పిల్లాడైనా చెబుతాడు. అదే 1/2 + 1/4 అని బోర్డు మీద రాస్తే పైవి పైకి, కిందవి కిందికి కూడేసి 2/6 అంటాడు. అంటే మూడో వంతు, అర కన్నా తక్కువ! కలిపితే తగ్గిందేమిటని అక్కడే ఆపి అడగాలి. కిందున్న హారం ముక్క సైజు చెబుతుంది, పైనున్న లవం ఎన్ని ముక్కలో చెబుతుంది.

5/6 + 3/8 చూడండి. కలపాలంటే ముక్కల సైజు ఒకటే కావాలి, అంటే హారాలు ఒకటే కావాలి. 6, 8 రెండింటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య, అంటే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), 24. కింద 6ను 4తో గుణించాం కాబట్టి పైన 5ను కూడా 4తోనే గుణించాలి: 20/24. చాలామంది ఇక్కడే 5/24 అని రాసేస్తారు. రెండోది 9/24. మొత్తం 29/24. క.సా.గు. తట్టకపోతే 48 పెట్టుకున్నా తప్పేం లేదు, 58/48 వస్తుంది, పైనా కిందా 2తో కొట్టేస్తే సరి. గుణకారానికి మాత్రం ఈ క.సా.గు. గొడవే అక్కర్లేదు.