డాన్ ఒడ్డున కొసాక్కుల జీను

దక్షిణ రష్యాలోని రోస్తోవ్ నుంచి నొవొచెర్కాస్క్‌కి లోకల్ రైల్లో గంట దారి. కష్టమంతా దిగాకే. స్టేషన్ దిగువన, ఊరు గుట్ట మీద. ఎండలో ఆ ఎత్తు ఎక్కుతుంటే 1805లో డాన్ కొసాక్కుల, అంటే భూమికి బదులుగా రష్యా జారు చక్రవర్తికి గుర్రపు సేవ చేసినవాళ్ళ, రాజధానిని ఇక్కడికి మార్చిన వాళ్ళ నాయకుడు (అతమాన్) ప్లాతొవ్ మీద ఒళ్ళు మండింది. ఆయన బాధ ఆయనది లెండి, పాత రాజధాని స్తారొచెర్కాస్క్‌ని వసంతం వస్తే డాన్ నది ముంచెత్తేది.

మ్యూజియంలో జనమంతా కత్తుల దగ్గరే. అసలు చూడాల్సింది జీను. కర్ర చట్రం, దాని మీద పట్టెడతో బిగించిన తోలు దిండు. రౌతు గుర్రం వీపుకి బాగా ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి రికాబుల మీద లేచి ఈటెతో పొడవడం సులువు. చట్రం వీపుకి అమరకపోయినా, కింద కంబళి ముడతపడినా వీపు పుండుపడుతుంది, ఇక ఆ గుర్రం పనికిరాదు. మడమలకి ముళ్ళుండవు, నగాయ్కా అనే పొట్టి కొరడాతోనే అదిలింపు. షష్కా కత్తి ఒరలో పదును పైకి ఉండేలా వేలాడుతుంది. దూయడం, వేటు వెయ్యడం ఒకే ఊపులో అయిపోతాయి. పిడికి కాపు ఉంటే అది కొసాక్కుది కాదు, రష్యా సైన్యపు డ్రాగూన్ రౌతులది.

గుర్రం, జీను, కత్తి, దుస్తులు అన్నీ కొసాక్కు సొంత ఖర్చే. బదులుగా 1835 నిబంధన మగమనిషికి 30 దెస్యతీనలు, అంటే దాదాపు 80 ఎకరాలు, లెక్క కట్టింది. మన విజయనగర కాలపు అమరనాయంకరంలో భూమి నాయకుడి చేతికి వెళ్ళేది, ఇక్కడ ఇంటింటికీ వాటా, ఇంటింటికీ బరువు. జనం పెరిగేకొద్దీ వాటా చిక్కిపోయింది, గుర్రం ఖర్చు మాత్రం తగ్గలేదు. 1875 చట్టంతో సేవ 20 ఏళ్ళు: శిక్షణ 3, దళాల్లో 12, రిజర్వులో 5. ఆ పన్నెండులో మొదటి నాలుగేళ్ళే రెజిమెంటులో. తర్వాతి నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నా గుర్రాన్ని మేపాల్సిందే, చివరి నాలుగింటికి అది తప్పేది.

యుద్ధంలో వాళ్ళ పద్ధతి లావా. రౌతులు పలచగా విడిపోయి ముందుకెళ్తారు, నాయకుడు కొద్దిమందితో వెనక నిలబడతాడు. పక్కల నుంచి కమ్ముకోవడం, పారిపోతున్నట్టు నటించి శత్రువుని పొంచి ఉన్నవాళ్ళ మీదికి లాక్కురావడం దాని కిటుకులు. ఫిరంగుల అండతో గట్టిగా నిలబడ్డ కాల్బలం మీద మాత్రం ఇది పారదు. 1812లో నెపోలియన్‌తో జరిగిన బొరొదినో యుద్ధంలో ప్లాతొవ్, రష్యా సేనాని ఉవారొవ్ ఫ్రెంచి ఎడమ పక్క మీద పడ్డారు. కాల్బలం చెదరలేదు గానీ వెనక సామాను బళ్ళలో గగ్గోలు పుట్టి, నెపోలియన్ పెద్ద దాడి సుమారు రెండు గంటలు ఆలస్యమైంది. అయినా రష్యా సర్వసేనాని కుతుజొవ్ పెదవి విరిచాడు. నన్నడిగితే అది అన్యాయం, లావాతో కోటగోడ బద్దలవుతుందా?

స్తారొచెర్కాస్క్‌కి ఇరుకు మినీబస్సు, మోకాళ్ళు ముందు సీటుకి గుచ్చుకుంటాయి. వరద భయంతో కింద రాయి, పైన కర్రతో కట్టిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1719 నాటి గుడి గుమ్మంలో ఒక గొలుసు వేలాడదీశారు, తిరుగుబాటుదారు రాజిన్‌ని కట్టింది అదేనట. 1671లో అతణ్ణి పట్టి జారుకి అప్పగించింది సాటి కొసాక్కులే. జారుకి విధేయులుగా ప్రమాణం చేసిందీ ఆ ఏడే. ఒడ్డున చేపల సూపు ధర విని రొట్టె, టీలతో సరిపెట్టాను.