తీగ మీది పాలపిట్ట

దసరా రోజు జమ్మిచెట్టు దగ్గర ఒకతను పంజరంలో పాలపిట్టను పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు దాన్ని చూస్తే శుభమని నమ్మకం కదా, జనం పదో ఇరవయ్యో ఇచ్చి దండం పెట్టుకుంటున్నారు. నేనూ ఇరవై ఇచ్చి ఫోటో తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే కాలికి దారం. క్రాప్ చేస్తే కనిపించదు. పావుగంట ఊగిసలాడి ఫైలు తీసేశాను. పాలపిట్టను పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని నాకు ముందే తెలుసు. తెలిసే డబ్బులిచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం నుంచి గండిపేట దాటి చిలుకూరు వైపు పొలాల్లోకి వెళ్లడం మొదలుపెట్టాను. పాలపిట్ట కూర్చుని ఉంటే మట్టిరంగు పిట్టే, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి. అంటే నాకు కావలసింది ఎగిరే క్షణం. మొదటి వారం షట్టర్ వేగం సెకనులో 1/800 వంతు దగ్గర పెట్టాను, రెక్కలన్నీ అలుక్కుపోయాయి. 1/2500కి మార్చాక పిట్ట స్పష్టంగా వచ్చింది కానీ ప్రతి ఫోటోలోనూ తోకే! దాని వెనక నడుస్తూ వెళ్తే ఇంకేం వస్తుంది?

ఒక పెద్దాయన మూడు వారాలు నన్ను చూసి చూసి అడిగాడు.

"ఏం దీస్తున్నవ్ సారూ?"

"పాలపిట్ట, తాతా. దగ్గరికి పోతే ఎగిరిపోతోంది."

"నువ్వెందుకు పోతవ్? అది దినాం గా తీగ మీదనే కూసుంటది. పురుగును వట్టుకొని మళ్ల ఆడికే వస్తది. నువ్వు ఒక్కకాడ కూసో."

కూర్చున్నాను. ఎండ నా వీపు మీద పడేలా, గాలి కూడా నా వెనక నుంచే వీచేలా చోటు చూసుకున్నాను. పిట్టలు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, అంటే నా వైపుకే. పొద్దున ఏడు గంటల ఏటవాలు వెలుగు రెక్కల కింద కూడా పడుతుంది. తీగ మీద ఫోకస్ కట్టి, వేలు బటన్ మీదే ఉంచి, దోమలతో కుట్టించుకుంటూ రెండు ఆదివారాలు గడిపాను. జనవరిలో ఒక పొద్దున అది మిడతను చూసి దూకింది. పద్నాలుగు ఫ్రేములు వచ్చాయి. ఒక్కదాంట్లో రెండు రెక్కలూ పూర్తిగా విచ్చుకున్నాయి.

అందులో కరెంటు తీగ ఉంది. వెనకాల మసకగా కోకాపేట టవర్లున్నాయి. రెండూ చెరిపేస్తే అడవిలో తీసినట్టుంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చెరపడం పది నిమిషాల పనే. కానీ ఆ పిట్ట వేటాడేది ఆ తీగ మీద నుంచే. తీగను తీసేస్తే అది అక్కడెందుకుందో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? టవర్లనూ అలాగే వదిలేశాను. రంగులు మాత్రం కొంచెం సరిచేశాను, అది ఒప్పుకోవాలి.

ప్రింటు తీయించి పెద్దాయనకు ఇచ్చాను. దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"పిట్ట మంచిగ వడ్డది. బిల్డింగులు గూడ వడ్డయి. మరి మా చేను ఏది సారూ?"