అమ్మమ్మకి పక్క మార్చడం

పక్షవాతం వచ్చాక అమ్మమ్మ వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా దగ్గరే ఉంటోంది. ఫిజియోథెరపిస్ట్ మేడమ్ ముందే గట్టిగా చెప్పారు, చంకల్లో చేతులు పెట్టి లాగొద్దని. పట్టు లేని భుజం కీలు జారిపోతుందట. అందుకే భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద మడత దుప్పటి వేసి, నేనూ తమ్ముడూ చెరో వైపు అంచులు చుట్టి పట్టుకుని, మూడు లెక్కపెట్టి పైకి జరుపుతాం. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది.

ఒకే వైపు పడుకుని పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మరీ పూర్తిగా ఒత్తిగిల్లక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు పరుపుకి తగలకుండా. వైజాగ్ ఉక్కపోతలో వీపు పొడిగా ఉంచడమే అసలు టెన్షన్.

తమ్ముడికి తొందరెక్కువ. ముందు చెప్పకుండా చెయ్యేస్తే అమ్మమ్మ ఊరుకోదు: "నన్నేటి, బియ్యం బస్తా అనుకున్నావా?"