తక్‌పట్టీ తెరుచుకోని ఉదయం

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ ఏజెంట్ల కోసం మేము తయారుచేసిన వెబ్ అప్లికేషన్‌లో కాటా (తూకం), తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్కల చీటీ), కోల్డ్ స్టోరేజీ నిల్వలు అనే మూడు భాగాలూ మొదట ఒకే కోడ్‌గా ఉండేవి. తక్‌పట్టీలో ఒక్క అంకె సవరించినా మొత్తాన్ని మళ్ళీ బిల్డ్ చేసి (విడుదలకు సిద్ధమైన ఫైళ్ళుగా మార్చి), మిగతా రెండు బృందాల పరీక్షలు ముగిసేదాకా కాచుకోవలసి వచ్చేది. యార్డులోకి మిర్చి టిక్కీలు (బస్తాలు) పోటెత్తే సీజన్‌లో అది సాగే పని కాదు.

2016లో సాఫ్ట్‌వేర్ సంస్థ థాట్‌వర్క్స్ వెలువరించే టెక్నాలజీ రాడార్‌లో కనిపించిన, తెరపై కనిపించే భాగాలను విడివిడిగా తయారుచేసే మైక్రో ఫ్రంటెండ్ పద్ధతిని మేము అందుకే ఎంచుకున్నాము. 2020 అక్టోబరులో విడుదలైన, కోడ్‌ను బిల్డ్ చేసే సాధనమైన వెబ్‌ప్యాక్ 5లోని మాడ్యూల్ ఫెడరేషన్ ప్రకారం ప్రతి భాగమూ విడిగా బిల్డ్ అయి, తనలో ఏమేమి ఉన్నాయో రిమోట్‌ఎంట్రీ అనే చిన్న ఫైలులో చెబుతుంది. భాగాలన్నింటినీ కలిపి చూపే పైతొడుగు, అంటే షెల్, ఆ ఫైలును బ్రౌజర్‌లోనే చదివి, అవసరమైన ముక్కను అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది.

దెబ్బ తగిలింది కూడా ఆ చిన్న ఫైలు దగ్గరే. మిగతా ఫైళ్ళ పేర్లలో హ్యాష్ (లోపలి కోడ్‌ను బట్టి వచ్చే అక్షరాల గుర్తు) ఉంటుంది కనుక లోపలిది మారితే పేరూ మారుతుంది. రిమోట్‌ఎంట్రీ పేరు మాత్రం మారదు. నేను తెలియక అన్నింటికీ కలిపి ఏడాది క్యాష్ పెట్టాను, అంటే బ్రౌజర్ ఏడాదిపాటు తన దగ్గరున్న ప్రతినే వాడుకుంటుంది. కొత్త తక్‌పట్టీని విడుదల చేసి సర్వర్‌లోని పాత ముక్కలను తొలగించిన మర్నాడు ఉదయం, ఒక గుమస్తా ఫోన్ చేసి, "కాటా వస్తోందండీ, పట్టీ నొక్కితే తెల్లగా అయిపోతోంది" అన్నాడు. అతని బ్రౌజర్ పాత రిమోట్‌ఎంట్రీని పట్టుకుని, లేని ముక్క కోసం వెతుకుతూ 404 (ఫైలు లేదన్న జవాబు) తెచ్చుకుంటోంది. ఆ ఫైలును ప్రతిసారీ సర్వర్‌తో సరిచూసుకునేలా నో-క్యాష్ పెట్టి, పాత ముక్కలను కొన్ని రోజులు అలాగే ఉంచడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది.

తెరను గీసే రియాక్ట్ లైబ్రరీని సింగిల్‌టన్‌గా (ఒక్క ప్రతే లోడయ్యేలా) ప్రకటించకపోతే రెండు ప్రతులు లోడై, హుక్స్ అనే దాని ఫంక్షన్లు విఫలం కావచ్చన్నది చాలామంది రాసిన సంగతే. నాకు ఎక్కువ కాలం పట్టింది సరిహద్దులు గీయడానికి. మొదట మూడు భాగాలకూ డేటాను ఉంచే ఉమ్మడి స్టోర్ పెట్టాము. దానితో కాటా బృందం ఒక ఫీల్డు పేరు మారిస్తే తక్‌పట్టీ ఆగిపోయేది, అంటే పాత ముడి పేరు మార్చుకుని తిరిగి వచ్చింది. ఇప్పుడు భాగాల మధ్య కస్టమ్ ఈవెంట్ (బ్రౌజర్‌లోనే పంపే సందేశం) ద్వారా వెళ్ళేది సరుకు లాట్ నంబరు ఒక్కటే, మిగతా వివరాలను ఎవరికి వారే సర్వర్‌ను అడిగి తెచ్చుకుంటారు. ఉత్సాహం కొద్దీ విడగొట్టిన పై మెనూను మాత్రం మళ్ళీ షెల్‌లోనే కలిపేశాము. దానికి వేరే బృందమే లేదు.